గీతలున్న కప్పే కొనండి

ప్యాడ్‌కు బదులు యోనిలో పెట్టుకుని రక్తాన్ని పట్టే నెలసరి కప్పు గురించి ఎవరు చెప్పినా ముందు రెండు లాభాలు చెబుతారు. ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, చెత్త పెరగదు. రెండూ నిజమే. కానీ ఈ వస్తువు చేసే అసలు మేలు వేరే ఉంది. నెలసరిలో ఎంత పోతోందో ఇంట్లోనే సులువుగా కొలుచుకునే వీలు దీంతో వచ్చింది. ప్యాడ్ నిండితే ‘ఈసారి ఎక్కువైంది’ అంటాం, ఎంత ఎక్కువంటే చెప్పలేం. డాక్టరు రోజుకు ఎన్ని ప్యాడ్లని అడుగుతారు. ఒకరు కాస్త తడవగానే మార్చేస్తారు, ఇంకొకరు పూర్తిగా నిండేదాకా ఉంచుకుంటారు. ఇద్దరూ నాలుగే అని చెప్పినా ఇద్దరి రక్తస్రావం ఒకటి కాదు. కప్పు గోడ మీద మిల్లీలీటర్ల గీతలుంటే ఆ చిక్కు తీరిపోతుంది. అందుకే ఎంత పేరున్న కంపెనీదైనా, ఎంత ముచ్చటైన రంగుదైనా, గీతలు లేని కప్పుకు మేం మంచి మార్కులు వేయలేం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా నటి లియోనా చామర్స్ 1937లోనే రబ్బరు కప్పుకు పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు మెడికల్ గ్రేడ్ సిలికాన్‌వి, కొన్ని టీపీఈ అనే మెత్తటి ప్లాస్టిక్‌వి. టీపీఈ ఒంటి వేడికి ఇంకా మెత్తబడుతుంది, సిలికాన్ ఆకారం నిలుపుకుంటుంది. రబ్బరు లేటెక్స్ పడనివాళ్లు ప్యాకెట్ మీద ఏ పదార్థమో చదవకుండా కొనొద్దు. గంట ఆకారం, పైన మందపాటి అంచు, అంచు కింద సన్నటి చిల్లులు, అడుగున పట్టుకోవడానికి గరుకు గీతలు, వాటికింద చిన్న కాడ. ఇంతే. అయితే ఆ చిల్లులే దీని ప్రాణం. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

సైజు దగ్గర కంపెనీల సలహా చాలా మొరటుగా ఉంటుంది. ముప్పై ఏళ్లలోపు, కాన్పు కానివాళ్లకు చిన్నది, మిగతావాళ్లకు పెద్దది అంటారు. వయసు కంటే ముఖ్యంగా చూడాల్సింది గర్భాశయ ముఖం ఎంత ఎత్తులో ఉందన్నది. దీన్ని వేలితోనే కొలుచుకోవచ్చు. నెలసరి రెండో రోజో మూడో రోజో, గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుకు కూర్చుని చూపుడు వేలు మెల్లగా లోపలికి పోనివ్వాలి. ముక్కు కొనలా కాస్త గట్టిగా, మధ్యలో చిన్న గుంటతో తగిలేదే గర్భాశయ ముఖం. వేలి మొదటి కణుపు లోపలికి పోగానే తగిలితే అది కిందికి ఉన్నట్టు, పొట్టి కప్పు కావాలి. రెండో కణుపు దగ్గర తగిలితే మామూలు పొడవు సరిపోతుంది. వేలంతా పోయినా అందకపోతే పొడవైనదీ, కాడ ఉన్నదీ తీసుకోవాలి, లేదంటే తీసేటప్పుడు చేతికి దొరక్క కంగారు పడతారు. ఈ ఎత్తు నెలంతా ఒకేలా ఉండదు. నెలసరి రోజుల్లో చాలామందికి కిందికి దిగుతుంది. కాబట్టి కొలత ఆ రోజుల్లోనే తీసుకోవాలి.

తర్వాత చూడాల్సింది గట్టితనం. గట్టి కప్పు లోపలికి వెళ్లగానే టక్కున విచ్చుకుంటుంది, కానీ కొందరికి మూత్రాశయం మీద ఒత్తుతుంది. మాటిమాటికీ మూత్రం వస్తున్నట్టు ఉండటమో, మూత్రం ధార సన్నబడటమో దీనివల్లే. మరీ మెత్తని కప్పు ఉన్నట్టే తెలియదు గానీ, విచ్చుకోక ఏడిపిస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు మధ్యస్థంగా ఉన్నది తీసుకోవడమే మేలు. ప్యాకెట్ మీద 30 మిల్లీలీటర్లు అని ఉంటే అది అంచుదాకా నింపిన లెక్క కావచ్చు. లోపల పట్టేది చిల్లులదాకానే. గర్భాశయ ముఖం కిందికి ఉన్నవాళ్లకు అది కప్పు లోపలికే కూర్చుని ఇంకొంత చోటు తినేస్తుంది. ‘సగమే నిండింది, అయినా కారింది’ అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే.

ఇక పెట్టుకోవడం. సూచనల కాగితాల్లో ముందు కనిపించేది ‘సి’ మడత. అంచును నొక్కి చదును చేసి, సగానికి మడిస్తే ‘సి’ అక్షరంలా అవుతుంది. నేర్చుకోవడం తేలికే, కానీ మడిచిన చోట వెడల్పు ఎక్కువ. కొత్తవాళ్లకు పంచ్‌డౌన్ మడత హాయిగా ఉంటుంది. అంచు మీద ఒకచోట వేలు పెట్టి కప్పు అడుగుదాకా నొక్కేసి, రెండు పక్కలూ కలిపి పట్టుకోవడమే. ముందు భాగం మొగ్గలా సన్నబడుతుంది. కప్పును నీళ్లతో తడిపితే చాలు, ఇంకా నునుపు కావాలంటే నీటితో చేసిన లూబ్రికెంట్ వాడొచ్చు. సిలికాన్ కప్పుకు సిలికాన్ లూబ్రికెంట్ గానీ, నూనె గానీ, వాజ్‌లిన్ గానీ రాయకూడదు, పదార్థం పాడవొచ్చు.

చాలామంది తడబడేది దిశ దగ్గర. నిట్టనిలువుగా పైకి తోస్తారు, నొప్పి వేస్తుంది, మానేస్తారు. యోని మార్గం నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. కప్పును తోకెముక వైపు, అంటే నడుము కింద వెనక్కి, పోనివ్వాలి. లోపలికి వెళ్లాక వేలు వదిలేస్తే విచ్చుకుంటుంది. విచ్చుకుందో లేదో చెవికి తెలియదు, వేలికి తెలుస్తుంది. కప్పు అడుగు చుట్టూ వేలు తిప్పి చూడండి, గుండ్రంగా తగిలితే సరే. ఒకవైపు సొట్ట తగిలితే అంచు ఇంకా మడిచే ఉంది. అడుగు పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పినా, సొట్ట ఉన్నవైపు యోని గోడను వేలితో పక్కకు నెట్టినా గాలి దూరి విచ్చుకుంటుంది.

అయినా కారుతోందంటే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. అంచు పూర్తిగా తెరుచుకోలేదు. లేదా గర్భాశయ ముఖం కప్పులో కాకుండా పక్కన ఉండిపోయింది, రక్తం కప్పు బయటే జారుతోంది. లేదా చిల్లులు పూడుకుపోయి, కప్పును గోడలకు అతుక్కునేలా పట్టి ఉంచే గాలి పట్టు కుదరలేదు. రెండోదాన్ని వేలు కప్పు పక్కనుంచి పైకి పోనిచ్చి చూస్తే కనిపెట్టొచ్చు. పెట్టుకున్న అరగంటలో నాలుగు చుక్కలు కనిపించి ఆగిపోతే మాత్రం అది కారడం కాదు, గోడలకు అంటి ఉన్నది దిగిందంతే.

తీయడంలో చేసే ఒక్క తప్పే కప్పుకు చెడ్డపేరు తెస్తోంది: కాడ పట్టుకుని లాగడం. కాడ ఉన్నది కప్పు ఎక్కడుందో తెలియడానికే. గాలి పట్టు విడిపించకుండా లాగితే లోపలి కండరాలూ గర్భాశయ ముఖమూ దానితోపాటు కిందికి లాగబడతాయి. గొంతుకు కూర్చుని, ఒళ్లు వదులు చేసి, ఒకటి రెండుసార్లు మెల్లగా ముక్కితే కప్పు అడుగు చేతికి అందుతుంది. అక్కడితో ముక్కడం ఆపాలి. అడుగును బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య గట్టిగా నొక్కాలి. సన్నటి చప్పుడుతో పట్టు వదులుతుంది. వదలకపోతే వేలిని పక్కనుంచి పైకి పోనిచ్చి అంచును లోపలికి వంచాలి. అప్పుడు కప్పును కొంచెం ఓరగా తిప్పి, అంచులో ఒకవైపు ముందు, రెండోవైపు తర్వాత బయటికి తీస్తే నొప్పీ ఉండదు, ఒలకడమూ ఉండదు. లోపలెక్కడో తప్పిపోతుందన్న భయం అక్కర్లేదు. గర్భాశయ ముఖంలో ఉండే దారి కొన్ని మిల్లీమీటర్లదే, కప్పు అందులో దూరదు. కంగారులో కండరాలు బిగుసుకుంటే పది నిమిషాలు నడిచి వచ్చి మళ్లీ ప్రయత్నించండి.

కాపర్ టీ ఉన్నవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. కప్పు లాగుడుకు అది జారిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డాక్టరుతో మాట్లాడి, దారాలు పొట్టిగా కత్తిరించాలేమో అడిగి, తర్వాతే కప్పు మొదలుపెట్టండి. గర్భాశయం జారినవాళ్లు, యోనిలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు వాడొద్దు. కాన్పు లేదా గర్భస్రావం అయినవాళ్లు డాక్టరు సరేననేదాకా ఆగాలి. పెళ్లికాని అమ్మాయిలు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. కన్నెపొర సాగవచ్చు, కొద్దిగా చిరగవచ్చు. ఆటల్లోనూ చిరుగుతుంది, కొందరికి పుట్టుకతోనే అది నామమాత్రంగా ఉంటుంది. దాన్ని చూసి ఎవరి గురించీ ఏమీ తేల్చలేం. ఈ ఒక్క భయంతో అమ్మాయిలకు దీన్ని దూరం చేయడం అన్యాయం.

ఇప్పుడు కొలత. తీసిన ప్రతిసారీ కప్పును నిటారుగా కంటి ఎత్తున పట్టుకుని గీత చూసి, తేదీ, సమయం పక్కన అంకె రాసుకోండి. ప్యాడ్ మీద పడినదాన్ని అంచనాగా కలపొద్దు, ‘కొంత కారింది’ అని రాస్తే చాలు. నెలసరి అయిపోయాక మొత్తం కూడండి. రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోతుందనీ, 80 దాటితే అధికమనీ వైద్యశాస్త్రం చెబుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. కప్పులో పడేదంతా రక్తం కాదు, గర్భాశయ పొర, స్రావాలు కలిసిన ద్రవం. అందులో రక్తం దాదాపు సగమే, కొందరికి ఇంకా తక్కువ. 80 అన్నది ఒట్టి రక్తం లెక్క. కాబట్టి కప్పు 90 చూపిందని ఒక్క నెలకే బెంగపడొద్దు, 60 చూపిందని నీరసాన్ని కొట్టిపారేయొద్దు. మూడు నాలుగు నెలల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎప్పుడూ 45 దగ్గర ఉండేది రెండు నెలలుగా 85 అవుతోందంటే ఆ మార్పే డాక్టరుకు చూపించాల్సిన విషయం. పెద్ద కప్పు రెండు గంటలకే నిండుతున్నా, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, ఎనిమిది రోజులు దాటినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్‌తోపాటు, ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటిన ఆడవాళ్లు చాలామంది ఉంటారు.

ఇలా రాసుకున్న లెక్కకు తోడుగా, ఒంటి వేడిలో చిన్న మార్పునూ రెండు దశాంశాలదాకా చూపే బేసల్ థర్మామీటర్ ఉంటే నెల చక్రం మొత్తం కళ్లముందు కనిపిస్తుంది. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే సమయానికి చూడాలి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, తర్వాతి నెలసరిదాకా అలాగే ఉంటుంది. జ్వరం, నిద్రలేమి ఉన్న రోజుల అంకెల చుట్టూ సున్నా చుట్టేయండి, వాటిని నమ్మొద్దు. అండం విడుదలైన సంగతి ఇది అయిపోయాకే చెబుతుంది, ముందు కాదు. కాబట్టి గర్భం రాకుండా దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

శుభ్రం చేయడం కష్టమేం కాదు. ముందు చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి మరక పట్టేస్తుంది. చిల్లులకు ఒక ఉపాయం: కప్పు నిండా నీళ్లు నింపి, అరచేతితో మూసి తలకిందులు చేసి నొక్కితే నీళ్లు చిల్లుల్లోంచి సన్నగా చిమ్ముతాయి. ఏ చిల్లు నుంచి రాలేదో అది పూడుకుంది. వాసన లేని సబ్బు వాడి, జిడ్డు పోయేదాకా కడగండి. నెలసరికి ముందూ తర్వాతా ఐదు నిమిషాలు మరిగించాలి. కప్పు గిన్నె అడుగుకు ఆనితే మాడుతుంది, టీపీఈది అయితే కరిగిపోతుంది. గుడ్లు గిలకొట్టే తీగల గరిటెలో పెట్టి మరిగిస్తే అడుగు తగలదు. ఆరాక గుడ్డ సంచిలోనే ఉంచాలి, గాలాడని డబ్బాలో వద్దు. రంగు మారితే ఫర్వాలేదు. జిగురు పట్టినా, పొడిలా రాలినా, చిరిగినా పారేయాలి.

కప్పును లోపల పన్నెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎనిమిదికే తీయడం మంచిది. బ్యాక్టీరియా విషంతో వచ్చే ప్రమాదకరమైన జబ్బు టాక్సిక్ షాక్ సిండ్రోమ్ కప్పుతో చాలా అరుదు, కానీ అసలు రాదని కాదు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 2018లో వెలువడిన ల్యాబ్ పరిశోధన కప్పు మీద కూడా ఈ జబ్బుకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుందని చూపింది. రెండో కప్పు ఉంచుకుని, వాడకానికీ వాడకానికీ మధ్య మరిగించమని సూచించింది. కప్పు లోపల ఉండగా ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, ఎండకు కమిలినట్టు దద్దుర్లు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

గుడ్డ ప్యాడ్లకూ మంచి మార్కులే, ముఖ్యంగా లోపల ఏదీ పెట్టుకోవడం ఇష్టంలేనివాళ్లకు. చన్నీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయాలి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పీల్చే గుణం పోతుంది. ‘ప్రకృతి సిద్ధం’ అంటూ అమ్మే సముద్రపు స్పాంజీలు మాత్రం వద్దు. వాటిలో ఇసుక, బ్యాక్టీరియా, బూజు ఉన్నట్టు పరీక్షల్లో తేలడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1980ల్లోనే వాటిపై ఆంక్షలు పెట్టింది. కప్పు కడుపునొప్పి తగ్గిస్తుందనీ, ఒళ్లు ‘డిటాక్స్’ చేస్తుందనీ చెప్పే ప్రకటనలకూ ఆధారం లేదు.

2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 43 అధ్యయనాలను పరిశీలించి, కారడం విషయంలో కప్పు ప్యాడ్లకూ, లోపల పెట్టుకునే దూది చుట్టల్లాంటి ట్యాంపన్లకూ తీసిపోదని తేల్చింది. అలవాటుకు కొన్ని నెలలు పడుతుందనీ చెప్పింది. మొదటి రెండు నెలలు కప్పుకు తోడుగా పల్చటి గుడ్డ ప్యాడ్ వాడండి, సెలవు రోజున ఇంట్లోనే మొదలుపెట్టండి. నాలుగో నెలకూ కారుతుంటే వదిలేసే ముందు గర్భాశయ ముఖం ఎత్తు మళ్లీ కొలిచి, పొడవు మార్చి చూడండి.