పొద్దుగూకే వేళ బ్రిడ్జి ఫోటో: కరీంనగర్ తీగల వంతెనా, ముల్లకట్ట ఇసుకా?

హన్మకొండలో అన్నం తిని బండి తీస్తే, పొద్దుగూకే లోపు ఈ రెండు బ్రిడ్జిల్లో దేని దగ్గరికైనా చేరుకోవచ్చు. కరీంనగర్‌లో మానేరు మీది తీగల వంతెన 70 కిలోమీటర్ల దూరం. ఏటూరునాగారం అవతల గోదావరి మీది ముల్లకట్ట బ్రిడ్జి అయితే 100 దాటుతుంది. ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే ఎటు పోవాలని మా తమ్ముడు అడిగితే నేను కాలం చూసి చెప్తాను. ఏప్రిల్, మే అయితే ముల్లకట్ట. మిగతా రోజుల్లో కరీంనగర్.

మన దగ్గర సంధ్య ఎక్కువసేపు నిలవదు. సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, మునిగిన 20, 25 నిమిషాలకే చీకటి పడుతుంది. అంత చిన్న సమయంలో ఏ బ్రిడ్జికి ఏ నిమిషం మంచిదో తెలియకపోతే పెట్రోలు దండగ.

తీగల వంతెనను 2023 జూన్ 21న ప్రారంభించారు. కరీంనగర్‌ను సదాశివపల్లితో కలుపుతుంది. దాని అసలు అందం పొద్దు మునిగాకనే మొదలవుతుంది. లైట్లు వెలిగి, వెనకాల ఆకాశం ఇంకా నీలంగా ఉన్న పది పన్నెండు నిమిషాలే మనకు కావాల్సింది. అంతకు ముందు తీస్తే లైట్లు వెలవెలబోతాయి, తర్వాత తీస్తే నల్లటి ఆకాశంలో తీగలు కలిసిపోతాయి. రంగులు మారే లైట్లతో ఇంకో చిక్కుంది. షట్టర్ పది సెకన్లు తెరిచి ఉంచితే ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కలిసి పాలిపోయిన తెలుపు మిగులుతుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే సెట్టింగ్, కాస్త పెంచి, ఒక సెకను లోపే ముగించండి. లైట్లు వెయ్యని రోజు పోతే పని సగం చెడినట్టే, అందుకే ఆ ఊళ్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే ముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. స్తంభాలు ఎత్తుగా ఉన్నాయని దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే అవి ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు వస్తాయి. వెనక్కి నడిచి, కెమెరా తిన్నగా పట్టుకుని తీయండి.

ముల్లకట్ట సంగతి వేరు. ఎండాకాలం గోదారి పాయలుగా చీలిపోయి, మధ్యలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. సముద్రం లేని మనకు అదే బీచ్. నది ఇక్కడ మొత్తం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది కాబట్టి, బ్రిడ్జికి దిగువన ఇసుకలో నిలబడి ఎగువకు చూస్తే పడమటి ఆకాశం స్తంభాల వెనకాలే ఉంటుంది. మే నెలలో పొద్దు 6:30 దాటాక మునుగుతుంది. నేను 5:30కే ఇసుకలో ఉంటాను. బ్రిడ్జి పొడవు చూసి వైడ్ లెన్స్ పెడితే అది దారప్పోగులా కనిపిస్తుంది. ఒక ఒడ్డుకు జరిగి, ఏటవాలుగా, ఫోన్‌లో 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టి చూడండి. స్తంభాలు వరస కట్టి దగ్గరకొస్తాయి. ఫోన్ తెర మీద ఆకాశం కనిపించే చోట వేలు పెట్టి వెలుతురు తగ్గిస్తే బ్రిడ్జి నల్లగా, ఆకాశం కుంకుమ రంగులో నిలుస్తుంది.

ఒకసారి అక్కడ ఎవరో తాగునీళ్ల కోసం తోడిన చెలిమె కనిపించింది. జానెడు లోతు, పళ్లెమంత వెడల్పు. నీళ్లు తేరుకుని అద్దంలా ఉన్నాయి. ఇసుకలో మోచేతులు ఆనించి, ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్స్ నీళ్లకు వేలెడు పైన ఉండేలా పట్టుకున్నా. ఆ కాసిన్ని నీళ్లలో నాలుగు స్తంభాలు, వాటి మధ్య ఎర్రటి ఆకాశం. చెలిమె అంచున ఇసుక రేణువులు ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి. ఎన్ని లక్షల లైట్లు పెట్టినా ఆ ఫోటో కరీంనగర్‌లో రాదు. నా మనసు ముల్లకట్ట వైపే మొగ్గడానికి ఇదే కారణం.

ఆ రోజే వల భుజాన వేసుకుని పోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగి, "బిడ్డా, ఆ తడి దిక్కు పోకు, ఊబి ఉంటది" అన్నాడు. ఆయన చూపించిన చోట ఇసుక పైకి గట్టిగానే ఉంది, కర్ర గుచ్చితే మోకాలి లోతు దిగింది. కొత్త చోట ఊరివాళ్లను అడగకుండా నదిలో దిగొద్దు. ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది, గేట్లు ఎత్తితే నీళ్లు పెరుగుతాయి. పాయ దాటి అవతలి తిన్నె మీదికి పోయి ఫోటోలు తీయాలన్న ఆశ వద్దే వద్దు. వానాకాలం అయితే ఇసుకే ఉండదు, ఆ మూడు నాలుగు నెలలు ముల్లకట్టను మరిచిపోండి.

లక్నవరం వేలాడే వంతెన గురించి కూడా అడుగుతారు. పగటి ఫోటోకు బాగుంటుంది, చుట్టూ గుట్టలు, అడవి, చెరువు. కానీ జనం నడుస్తుంటే వంతెన ఊగుతుంది, దాని మీద ట్రైపాడ్ పెట్టి మసక వెలుతురులో తీస్తే అన్నీ అలుక్కుపోతాయి. సంధ్య ఫోటోకు దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు కూడా ముల్లకట్టే సులువు, ఎందుకంటే నల్లటి నీడబొమ్మకు వెలుతురు తక్కువైనా పర్వాలేదు. కరీంనగర్‌లో ట్రైపాడ్ లేకుంటే చెయ్యి వణుకు తెలిసిపోతుంది. ఇసుకలో ట్రైపాడ్ పెడితే కాళ్లు జానెడు లోపలికి నొక్కి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. అక్కడ లెన్స్ మాత్రం మార్చకండి. గాలికి లేచే సన్న ఇసుక లోపలికి పోతే సెన్సార్ మీద గీతలు పడతాయి.

తిరుగు ప్రయాణం తాడ్వాయి అడవిలో, చీకట్లో. ఏటూరునాగారంలోనే పెట్రోలు పోయించుకుని, చాయ్ తాగి, నెమ్మదిగా రండి.