తొలి జామా, నడిరాత్రా, తెల్లవారుజామా? నగరాన్ని చీకట్లో నడిచి చూడటానికి ఏది మేలు?

పెద్ద నగరంలో తెలియని పేటల్ని రాత్రిపూట కాలినడకన చూద్దామనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఎక్కడికి వెళ్ళాలని. ఎన్నింటికి వెళ్ళాలని అడిగేవాళ్ళు తక్కువ. నా లెక్కలో అసలు ప్రశ్న అదే. ఒకే వీధి రాత్రి ఎనిమిదింటికి ఒకలా, ఒంటిగంటకి ఇంకోలా, నాలుగున్నరకి పూర్తిగా వేరేలా ఉంటుంది. చీకటి మూడు వేళలకీ ఉమ్మడే. ఆ చీకట్లో ఎవరు తిరుగుతుంటారు, ఏ దీపాలు వెలుగుతుంటాయి, కాళ్ళు నొప్పెడితే బస చేరడానికి ఏం దొరుకుతుంది అన్నవి మాత్రం గంట గంటకీ మారిపోతాయి.

ఇక్కడ పోటీలో ఉన్నవి మూడు వేళలు. పొద్దుగూకినప్పటి నుంచి పదింటి దాకా ఒకటి, పన్నెండు నుంచి మూడు దాకా రెండోది, నాలుగు నుంచి పొద్దు పొడిచేదాకా మూడోది. నా ఓటు మూడోదానికి. అయితే మొదటి రెండింటిలో ఉన్న సుఖం కూడా చిన్నదేం కాదు.

తొలి జాముతో మొదలుపెడదాం. నగరం దీపాల్లో మెరిసిపోవడం చూడాలంటే అర్ధరాత్రి దాటాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆపాటికి దీపాలు సగం ఆరిపోతాయి. హాంకాంగ్ రేవు ఒడ్డున భవనాల మీద జరిగే దీపాల ప్రదర్శన రాత్రి ఎనిమిదింటికే. పారిస్‌లో కరెంటు పొదుపు కోసం 2022 సెప్టెంబరులో ఈఫిల్ టవర్ దీపాల్ని 11.45కే ఆర్పడం మొదలుపెట్టారు. మూసేసిన షాపుల అద్దాల వెనక దీపాలు రాత్రి ఒంటిగంటకల్లా ఆర్పాలని ఫ్రాన్స్‌లో 2013 జులై నుంచే నిబంధన ఉంది. కాబట్టి వెలుగుల కోసం వెళ్ళేవాళ్ళకి తొలి జామే సరైనది, అందులోనూ మొదటి అరగంట. సూర్యుడు అస్తమించాక దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది. భూమధ్యరేఖకి దగ్గరి నగరాల్లో ఇది ఇరవై నిమిషాల పైచిలుకు, ఉత్తరానికో దక్షిణానికో వెళ్ళేకొద్దీ ఎక్కువ. ఆ కాసేపే కిటికీల్లో దీపం, మేడల అంచులు, ఆకాశం మూడూ కలిసి కనిపిస్తాయి. ఫోన్‌తో ఫొటోలు తీసినా బాగా వచ్చేది అప్పుడే. తర్వాత మేడల వెనక ఆకాశం నల్లబడిపోయి, దీపాలు మాత్రం గాల్లో వేలాడుతున్నట్టు ఉంటాయి.

ఈ వేళకి ఉన్న రెండో బలం మనుషులు. షాపులు తెరిచి ఉంటాయి, అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, దారి తప్పితే అడగొచ్చు. ఊరికి పూర్తిగా కొత్తవాళ్ళకి, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంకో ఆలోచనే అక్కర్లేదు.

కానీ తొలి జాములో మనం చూసేది పేటని కాదు, పేటలోని వ్యాపారాన్ని. కళ్ళు బోర్డుల మీద నుంచి పైకి లేవవు. షాపు పైన రెండో అంతస్తులో వందేళ్ళ నాటి కిటికీ ఉన్నా గమనించం. పైగా పగలంతా ఎండకి కాగిన కాంక్రీటు, తారు అప్పుడే ఆ వేడి కక్కడం మొదలుపెడతాయి. లండన్ రాత్రులు చుట్టుపక్కల పల్లెల కన్నా వెచ్చగా ఉంటాయని ఇంగ్లండ్ వాతావరణ పరిశీలకుడు లూక్ హోవర్డ్ రెండు వందల ఏళ్ళ కిందటే కొలిచి చెప్పాడు. అప్పుడు కార్లూ లేవు, ఏసీలూ లేవు. ఇప్పటి నగరంలో వేసవి రాత్రి ఎనిమిదింటికి ఇరుకు సందులో నడిస్తే గోడల సెగ ఒంటికి తెలుస్తుంది.

ఇక నడిరాత్రి. దీని మీద మోజు ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది. ట్రాఫిక్ ఆగిపోయాక నగరం నిర్మాణం బయటపడుతుంది. ఈ రోడ్డు ఇక్కడ కొద్దిగా వంపు తిరిగిందేమిటి, ఈ వీధి అటువైపు పల్లంగా ఉందేమిటి అన్నవి పగలు బండ్ల మధ్య కనపడవు. పూడ్చేసిన కాలువ మీద వేసిన రోడ్డయితే ఆ వంపు, ఆ పల్లం రాత్రి ఖాళీ రోడ్డు మీద ఇట్టే తెలిసిపోతాయి. చీమ చిటుక్కుమన్నా వినిపించే నిశ్శబ్దంలో ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనడం, ఎవరి ఇంట్లోనో ఫ్యాను తిరగడం కూడా చెవిన పడతాయి. పౌర్ణమి అయితే చంద్రుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేదీ ఈ వేళకే, ఎత్తు మేడల మధ్య సందుల్లోకి కూడా వెన్నెల దిగుతుంది.

దీపాల రంగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. షాపుల వెలుగు పోయాక వీధి దీపానిదే రాజ్యం. పాత సోడియం దీపం కింద రంగులన్నీ పసుపు, గోధుమ ఛాయల్లోకి ఒదిగిపోతాయి, ఎర్ర గోడో ఆకుపచ్చ గోడో చెప్పడం కష్టం. తెల్లటి ఎల్‌ఈడీ కింద రంగులు తెలుస్తాయి కానీ నీడలు కత్తిరించినట్టు పడతాయి. లాస్ ఏంజెలెస్ 2009లో మొదలుపెట్టి సుమారు 1,40,000 వీధి దీపాల్ని ఎల్‌ఈడీలకి మార్చింది. ఇలాంటి మార్పు జరుగుతున్న నగరాల్లో ఒక పేట పసుపుగా, పక్క పేట తెల్లగా ఉంటుంది. పేట ఎక్కడ మారిందో చెప్పడానికి మ్యాప్ తియ్యక్కర్లేదు.

ఇంత అందం ఉన్నా నడిరాత్రికి నేను మార్కులు తగ్గించేది తిరిగి రావడం దగ్గర. టోక్యోలో రైళ్ళు దాదాపు అర్ధరాత్రికి ఆగి మళ్ళీ అయిదింటి ప్రాంతంలో మొదలవుతాయి. లండన్ మెట్రోలో రాత్రంతా నడిచే రైళ్ళు 2016 ఆగస్టులో వచ్చాయి, అవి కూడా కొన్ని లైన్ల మీద, శుక్ర, శనివారాల రాత్రులే. రాత్రీ పగలూ నడిచే మెట్రో అంటే న్యూయార్క్ పేరే చెబుతారు, కోవిడ్ కాలంలో 2020 మే నుంచి ఏడాది పాటు అక్కడ కూడా రాత్రి కొన్ని గంటలు ఆపేశారు. అంటే చాలా నగరాల్లో పన్నెండింటికి బయల్దేరిన మనిషికి గంట గడిచేకొద్దీ దారులు మూసుకుపోతుంటాయి. ఆఖరి రైలు వెళ్ళిపోతుంది, తర్వాత ఆఖరి బస్సు, తర్వాత తెరిచి ఉన్న ఆఖరి తలుపు. ఫోన్‌లో ఛార్జింగ్ కూడా తగ్గేదే కానీ పెరిగేది కాదు. మెట్రో స్టేషన్‌కి ఎదురుగా బస ఉన్నవాడికి ఇది లెక్కలోది కాదు, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి మాత్రం రెండింటికల్లా టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో ఏ కిటికీ అందమూ కంటికి ఆనదు.

ఆ వేళ రోడ్డు మీద ఉండేవాళ్ళ సంగతి కూడా చూడాలి. బార్లు మూసే సమయం కాబట్టి తాగి తూలేవాళ్ళు ఎదురవుతారు. ఒంటరి ఆడవాళ్ళకి ఇది ఇంకా కష్టం. 1977 నవంబరులో లీడ్స్‌తో సహా ఇంగ్లండ్‌లోని పలు పట్టణాల్లో ఆడవాళ్ళు గుంపులుగా రాత్రి వీధుల్లో నడిచారు. ఆడవాళ్ళని ఒకడు వరసగా చంపుతుంటే, చీకటి పడ్డాక బయటికి రావొద్దని పోలీసులు ఆడవాళ్ళకే చెప్పడం మీద నిరసన అది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నడిరాత్రి రోడ్డు అందరికీ ఒకేలా లేదు, ఏ వేళ మేలో తేల్చేటప్పుడు ఆ తేడాని పక్కన పెట్టలేం.

తెల్లవారుజాము దగ్గర ఈ లెక్కంతా తిరగబడుతుంది. నాలుగింటికి కూడా వీధి నిర్మానుష్యంగానే ఉంటుంది, దీపాలూ అవే, నిశ్శబ్దమూ అదే. కానీ గడియారం మన వైపు నడుస్తుంటుంది. అయిదింటికి మొదటి రైలో బస్సో వస్తుంది, ఆ తర్వాత ఒక్కొక్క తలుపే తెరుచుకుంటుంది. దారి తప్పినా అరగంట ఆగితే చాలు, అడగడానికి మనిషి దొరుకుతాడు. ఎంత దూరం వెళ్ళినా తిరిగి రావడం తేలికవుతూ పోతుంది కాబట్టి ధైర్యంగా ఇంకో సందులోకి తిరగొచ్చు. కొత్త పేటని చూడటానికి కావాల్సింది ఆ నిశ్చింతే.

ఆ వేళ ఎదురయ్యేవాళ్ళూ వేరే రకం. రోడ్లు ఊడ్చేవాళ్ళు, పేపర్ కట్టలు దించేవాళ్ళు, మార్కెట్‌కి సరుకు మోసేవాళ్ళు, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళే నర్సులు, సెక్యూరిటీ వాళ్ళు. అందరికీ ఏదో పని ఉంటుంది, మన జోలికి రారు, అడిగితే మాత్రం దారి చెప్తారు. పేట ఎలా బతుకుతుందో చూడాలంటే వీళ్ళ కన్నా మంచి గురుతు లేదు. ఎవరు ముందు లేస్తారు, ఎక్కడ మొదటి దీపం వెలుగుతుంది, ఏ బస్సు నిండిపోయి వెళ్తుంది అన్నది ఏ గైడూ చెప్పడు. వేడి కూడా దాదాపు అప్పుడే కనిష్ఠానికి దిగుతుంది, వేసవిలో నడవదగ్గ వేళ ఇదొక్కటే అనొచ్చు.

పైగా ఒక్క నడకలో రెండు పేటలు చూసినట్టుంటుంది. వెళ్ళేటప్పుడు చీకట్లో చూసిన గోడ వచ్చేటప్పుడు తన అసలు రంగులో కనిపిస్తుంది. తొలి జాములో సాయంత్రపు నీలం వెలుగు ఎంతసేపు ఉంటుందో ఉదయం కూడా అంతసేపే ఉంటుంది, జనం అడ్డం లేకుండా. కృష్ణపక్షంలో అష్టమి ప్రాంతంలో వెళ్తే అర్ధరాత్రి పొడిచిన సగం చంద్రుడు అప్పటికి బాగా పైకి వచ్చి ఉంటాడు.

దీనికీ లోపాలున్నాయి. అన్నింటికన్నా పెద్దది నిద్రమత్తులో బండి నడిపేవాళ్ళు. డ్రైవర్లు కునుకు తీయడం వల్ల జరిగే ప్రమాదాలు అర్ధరాత్రికీ ఉదయం ఆరింటికీ మధ్య ఎక్కువ, ఎందుకంటే ఆ గంటల్లో ఒళ్ళు సహజంగానే నిద్రని కోరుతుంది. ఖాళీ రోడ్డు కదా అని వేగం కూడా పెంచుతారు. అందుకే పెద్ద రోడ్లు వదిలి లోపలి వీధులు పట్టుకోవాలి, లేత రంగు చొక్కా వేసుకోవాలి, దాటేచోట బండి నిజంగా ఆగిందని చూసుకున్నాకే అడుగు వెయ్యాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు. ఫోన్ మ్యాప్ కూడా మాటిమాటికీ తియ్యకపోవడం మంచిది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది, వీధి దీపాల మధ్య అది ఎలాగూ పూర్తి కాదు, వచ్చిన కాస్త అలవాటునీ తెర వెలుగు చెరిపేస్తుంది.

ఈ లెక్క తప్పే నగరాలూ ఉన్నాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జూన్ నెలాఖరున సూర్యుడు దిగంతం కిందికి పెద్దగా దిగనే దిగడు, రాత్రంతా సంధ్యే. అక్కడ ఏ వేళకి వెళ్ళినా ఒకటే. వెనిస్ పాత నగరంలో కార్లు తిరగవు కాబట్టి అర్ధరాత్రి నుంచీ ఉండే ఆ నిద్రమత్తు డ్రైవర్ల భయం దానంతటదే పోతుంది. బస కూడా నడిచి చేరే దూరంలో ఉంటే అక్కడ నేను నడిరాత్రికే ఓటేస్తాను.

రెండు రోజులు చేతిలో ఉంటే మొదటిరోజు తొలి జాములో ఒక దారి ఎంచుకుని, ఎక్కడ పోలీస్ స్టేషన్ ఉంది, ఎక్కడ రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఉంది, ఏ సందు మూసుకుపోయింది అని చూసుకుని, మర్నాడు తెల్లవారుజామున అదే దారిలో నడవడం నాకు నచ్చిన పద్ధతి. మధ్యమధ్య ఆగుతూ నడిస్తే గంటకి మూడు కిలోమీటర్లు, అంతకన్నా పెద్ద దారి వేసుకోవద్దు. రాత్రంతా మేలుకుని అదే ఊపులో నాలుగింటికి బయల్దేరేవాళ్ళ సంగతి మాత్రం వేరు. అప్పటికి ఒళ్ళు అలిసి ఉంటుంది, రోడ్డు మీద ఆ నిద్రమత్తు డ్రైవరుకీ మనకీ పెద్ద తేడా ఉండదు. తొమ్మిదింటికి పడుకుని మూడున్నరకి లేవడం కుదరదనుకుంటే తొలి జామే పట్టుకోండి.