నూనె ప్యాకెట్లు కూడా తీసుకుపోయే బండి: కడపలో పదకొండు నెలల అనుభవం

కడపలో ఎర్రముక్కపల్లె దిక్కు మాకు చిన్న టిఫిన్ అంగడి ఉంది. పొద్దున ఐదుకు పొయ్యి వెలిగిస్తే పదకొండుకల్లా కారం దోశల పిండి అయిపోతుంది. ఆ ఆరు గంటల్లో ఎంత చెత్త పోగవుతుందో అంగడి నడిపేవాళ్లకే తెలుస్తుంది. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, రవ్వ సంచులు, అట్టపెట్టెలు, నీళ్ల బాటిళ్లు. మిగిలిన తడి చెత్త గురించి మాకు చింత లేదు, పక్కవీధి బర్రెలాయన కుడితికి పట్టుకుపోతాడు. పొడి చెత్తను మాత్రం పదకొండు నెలలుగా ఒక ప్రైవేటు సంస్థ బండికి ఇస్తున్నాం. ఆ చెత్తను వేరుచేసే స్థలం, షెడ్డు ప్రభుత్వానివి. యంత్రాలు, బండ్లు, మనుషులు ఆ సంస్థవి. ఇన్ని నెలలు దగ్గరుండి చూశాను కాబట్టి, మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

ఇంతకుముందు మా దగ్గరికి గుజిరి అంగడాయన వచ్చేవాడు. మంచి మనిషి, ఇరవై ఏళ్ల పరిచయం. అట్టలు, నూనె డబ్బాలు, బాటిళ్లు ఏరుకొని అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టేవాడు. కవర్ల జోలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఆయన తప్పేం లేదు, వాటిని కొనేవాళ్లు ఉంటే కదా. ఆ కవర్లన్నీ ఎక్కడికి చేరతాయో 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగినప్పుడు కళ్లారా చూశాను. నీళ్లు తీశాక మా చిన్నమ్మ వాళ్ల గేటు కమ్మీలకు చుట్టుకొని ఉన్నవాటిలో చాలావరకు నూనె ప్యాకెట్లే. ఎవరి అంగడివని చెప్పగలం? మావీ ఉండే ఉంటాయి. ఆ గేటు ఇప్పటికీ నా మనసులోనుంచి పోలేదు.

అందుకే ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది, రూపాయి రాని చెత్తను కూడా వదలకుండా తీసుకుపోవడం. అట్టలకు, బాటిళ్లకు, పాల ప్యాకెట్లకు కిలోకింత అని డబ్బిస్తారు. మెరిసే చిప్స్ ప్యాకెట్లకు, చిరిగిన సంచులకు పైసా ఇవ్వరు కానీ వాటినీ కాటా వేసి, చీటీలో రాసి, ఎక్కించుకుంటారు. కాటా బండి వెనకే వేలాడుతుంది. అంకె మనకు కనిపించేలా తిప్పి పెడతాడు బండి పిల్లోడు. నేను రెండుసార్లు మా ఇంటి కాటాతో సరిచూశాను, తేడా రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను, మా ఆవిడ షెడ్డుకు పోయాం. పొడుగాటి బల్ల, దానికి రెండు పక్కలా ఆడవాళ్లు. వాళ్లలో ఒక పెద్దమ్మ ఇంతకుముందు గోతం భుజాన వేసుకొని చెత్తకుప్పల మీద ఏరుకొనేదట. కవరును ఆమె కంటితో చూడదు, వేళ్లతో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటుంది. మెత్తగా సాగితే ఒక గంపలోకి, చరచరమంటే ఇంకో గంపలోకి. పాల కవరు సాగుతుంది, బిస్కెట్ ప్యాకెట్ చరచరమంటుంది. తర్వాత నీళ్ల బకెట్టులో ఒక బాటిల్ ముక్క, ఒక మూత వేసి చూపించింది. ముక్క మునిగింది, మూత తేలింది. రెండూ వేరే వేరే ప్లాస్టిక్కులు, కలిపి కరిగిస్తే రెండూ పాడవుతాయని చెప్పింది. "అయ్యా, పాల ప్యాకెట్టు మూల పూర్తిగా తుంచేయొద్దు, ఆ చిన్న ముక్క మా చేతికి దొరకదు, కాలవలోకి పోతుంది" అని కూడా చెప్పింది. ఆ మరుసటి రోజు నుంచి మా వంట మాస్టరు మూల సగం కోసి వదిలేస్తున్నాడు.

మెరిసే ప్యాకెట్లు ఏమవుతాయని అడిగితే సిమెంటు ఫ్యాక్టరీకి పోతాయన్నారు. పొరలు పొరలుగా అతికిన ఆ ప్యాకెట్లను విడదీసి మళ్లీ వాడటం కష్టం, బట్టీలో బొగ్గుతోపాటు ఇంధనంగా కాలుస్తారు. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో పెట్టారు. మనకు ఎర్రగుంట్ల దగ్గరే సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా. 2022 నుంచి ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరుకు అమ్మే కంపెనీలు కూడా వాటిని వెనక్కి చేర్చిన లెక్క చూపాలి. ఇలాంటి కట్టుబాట్లు ప్రభుత్వమే పెట్టగలదు. కూర్చొని కవరు కవరూ నలిపి చూసే పనిని ఆ సంస్థ మనుషులు చేస్తున్నారు. ఏ ఒక్కరు తప్పుకున్నా నూనె ప్యాకెట్టు మళ్లీ వంకకే పోతుంది.

ఇక లోపాలు. నెల ఐదో తేదీకి వేస్తామన్న డబ్బు రెండుసార్లు నలభై రోజులు ఆలస్యమైంది. మాకు అది చిన్న మొత్తం, సర్దుకున్నాం. ఆ రోజుల్లోనే బల్ల దగ్గరి ఆడవాళ్ల కూలి కూడా ఆగిందని తెలిసి చాలా బాధ కలిగింది. రోజు కూలి మీద ఇల్లు నడిపేవాళ్లకు నలభై రోజులంటే మాటలా? సంస్థ మేనేజరుకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. తర్వాత సరిచేశారు, కానీ మొదటే ఆ పరిస్థితి రాకూడదు. ఉగాదికి మూడు రోజులు బండి రాలేదు. వంటింటి వెనక మూటలు పేరుకొని ఎలుకలు తిరిగాయి. పండగ ముందే ఒక మెసేజి పెట్టి ఉంటే నిల్వకు ఏదో ఏర్పాటు చేసుకునేవాళ్లం.

ఇంకో మాట. మా గుజిరి అంగడాయనకు వ్యాపారం తగ్గింది. చెత్త ఏరుకొనేవాళ్లను కూడా వ్యవస్థలో కలుపుకోవాలని ఆ 2016 నిబంధనల్లోనే రాశారు. పెద్దమ్మకు బల్ల దగ్గర చోటిచ్చినట్టే ఆయనకూ ఒక వీధి అప్పగించవచ్చు. సరుకు గుర్తుపట్టడంలో ఆయనకున్న అనుభవం బండి పిల్లలకు లేదు. ఈ సంగతి సంస్థవాళ్లకు రాసిచ్చాను, జవాబు ఇంకా రాలేదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ కూలి ఆలస్యానికే తగ్గించాను.

మీ అంగడికి బండి కావాలంటే మీ వార్డు శానిటేషన్ సెక్రటరీని అడగండి. పాల ప్యాకెట్లు కడిగి, తీగకు క్లిప్పులతో ఆరేసి పెట్టుకోండి. తడిగా ఇస్తే తూకంలో కోత వేస్తారు, అది న్యాయమే.