ఫిష్ ట్యాగ్ డీఎన్‌ఏ కిట్: ప్రోబులు సొంతంగా చేసుకునేవారి కోసం

క్రోమోజోముల మీద ఒక జన్యు ప్రాంతాన్ని రంగు వెలుగుతో గుర్తించేది ఫిష్ పరీక్ష. దీనిలో ఫలితం సగం ప్రోబ్ (ఆ ప్రాంతానికి అతుక్కునే, రంగు చేర్చిన డీఎన్‌ఏ ముక్క) తయారీ దగ్గరే తేలిపోతుంది. రెడీమేడ్ ప్రోబులు దొరకని జన్యు ప్రాంతాలకు మేము బ్యాక్ క్లోన్ల (బ్యాక్టీరియాలో పెంచే పెద్ద డీఎన్‌ఏ ముక్కల) నుంచి సొంతంగా ప్రోబులు చేసుకుంటాం. ఇందుకు ఇన్విట్రోజెన్ వారి ఫిష్ ట్యాగ్ డీఎన్‌ఏ కిట్‌ను వాడుతున్నాం.

ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది రెండంచెల పద్ధతి. మామూలు నిక్ ట్రాన్స్‌లేషన్‌లో (డీఎన్‌ఏకు గాట్లు పెట్టి, అక్కడ కొత్త న్యూక్లియోటైడ్లు చేర్చే పద్ధతి) గొలుసును కట్టే పాలిమరేజ్ ఎంజైము బరువైన రంగు అణువును తగిలించుకున్న న్యూక్లియోటైడ్‌ను గొలుసులో చేర్చడానికి తడబడుతుంది. ఇక్కడ మొదట చిన్న అమైన్ గుంపు మాత్రమే డీఎన్‌ఏలో చేరుతుంది, రంగు ఆ తర్వాత రసాయనికంగా దానికి అతుక్కుంటుంది. అందువల్ల అలెక్సా ఫ్లోర్ 488 (ఆకుపచ్చ రంగు) వాడినా, 594 (ఎరుపు) వాడినా లేబలింగ్ దాదాపు ఒకే తీరుగా వస్తుంది.

నిక్ ట్రాన్స్‌లేషన్‌కు 15 డిగ్రీలు నిలకడగా ఉండాలి. వేసవిలో మా వాటర్ బాత్ అంత చల్లగా నిలవదు కాబట్టి ట్యూబును పీసీఆర్ మెషిన్‌లో పెడతాం. డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైము చిక్కటి గ్లిజరాల్‌లో ఉంటుంది గనుక పిపెట్ టిప్ కొనను పైపైనే ముంచాలి, లేకపోతే బయట అంటుకున్న బొట్టు కూడా కలిసి డీఎన్‌ఏ మరీ చిన్న ముక్కలైపోతుంది. తర్వాత అగరోజ్ జెల్ మీద 200 నుంచి 500 బేస్ జతల మధ్య మసక చార కనిపిస్తేనే ముందుకు వెళ్లాలి. ముక్కలు అంతకంటే పొడవుగా ఉంటే స్లైడంతా అనవసరపు చుక్కలు పడతాయి.

మొదటిసారి పొరపాటు మాదే. అలవాటుకొద్దీ అమైన్ డీఎన్‌ఏను ట్రిస్ బఫర్‌లో కరిగించాం. ట్రిస్‌లోనూ అమైన్ ఉంటుంది కదా, రంగంతా దానికే అతుక్కుని శుద్ధి చేసేటప్పుడు కాలమ్‌లోంచి కొట్టుకుపోయింది. స్లైడు మీద కణ కేంద్రకాలకు వేసే డాపీ రంగు నీలం తప్ప మరేమీ మిగలలేదు. ఆ అంచెకు ట్రిస్ లేని నీరు, బైకార్బొనేట్ బఫర్ మాత్రమే వాడాలి.

నేరుగా రంగు చేర్చే పద్ధతి కంటే దీనికి సమయం ఎక్కువ పడుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో చూసే హెర్2 జన్యువు వంటి నిత్య పరీక్షలకు రెడీమేడ్ ప్రోబు కొనుక్కోవడమే మేలు. సొంత క్లోన్లతో పనిచేసేవారికి మాత్రం ఈ కిట్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 22వ క్రోమోజోములోని 22క్యూ11.2 ప్రాంతపు క్లోన్‌ను దీనితో లేబుల్ చేసి, పునరావృత వరుసలను అణచడానికి కాట్-1 డీఎన్‌ఏ కలిపి వేసినప్పుడు, రెండు 22వ క్రోమోజోముల మీదా ఎర్రని జంట చుక్కలు స్పష్టంగా వెలిగాయి.