“రేపటి దాకా పోని వాసన” అంటూ అమ్ముతున్న అత్తరుతో జాగ్రత్త

చార్మినార్ పరిసరాల్లో అత్తరు కొనబోయేవారు దయచేసి ఈ విషయం గమనించండి. “చందన తైలం మీద తీసిన అసలైన గులాబీ అత్తరు, ఒక్కసారి రాస్తే రేపటి దాకా వాసన పోదు” అని నమ్మబలికి ఒక దుకాణంలో నాకు తులం సీసా అంటగట్టారు. చేతి మీద రాసి చూపించిన సరుకు వేరు, లోపలి గదిలోకి తీసుకెళ్లి నింపి ఇచ్చిన సరుకు వేరు. ఇంటికి వచ్చి రాసుకుంటే గంట తిరగకముందే గులాబీ వాసన పోయి జిడ్డు మాత్రం మిగిలింది. మర్నాటికి మెడ మీద రాసినంత మేరా చర్మం ఎర్రబడి, దద్దుర్లు లేచి, రాత్రి నిద్ర పట్టనంతగా దురద పెట్టింది. అందులోని సువాసన ద్రవ్యం పడలేదని చర్మవైద్యులు చెప్పారు. సీసా వెనక్కి ఇవ్వబోతే, మూత తీసిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణదారు మొండికేశారు. వారిచ్చిన చీటీ మీద ధర తప్ప దుకాణం పేరు కూడా లేదు.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాత పద్ధతిలో అత్తరు తీసేవారు డేగు అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు పోసి కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలో ఉన్న చందన తైలంలోకి పంపుతారు. చందన తైలం చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి పూల వాసనను పట్టి ఉంచుతుంది. అత్తరు నిలవడానికి అసలు కారణం అదే. 1 కిలో గులాబీ నూనెకు 3,000 కిలోలకు పైగా పూలు కావాలి. అటువంటి సరుకు రెండు మూడు వందలకు తులం చొప్పున వస్తుందంటే నమ్మకండి. ఆ ధరకు దొరికేది సాధారణంగా లిక్విడ్ పారఫిన్ వంటి చవక నూనెలో కలిపిన కృత్రిమ సువాసనే.

వాసన ఎక్కువసేపు ఉండాలంటే, స్నానం చేసిన వెంటనే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ కాస్త వాసెలిన్ గానీ పూసి, దాని మీద అత్తరు అద్దుకుంటే చాలు. పొడి చర్మం మీద ఏదైనా త్వరగా పోతుంది. బెర్గమాట్ వంటి నిమ్మజాతి నూనెలు కలిసినవి ఎండ తగిలే చోట రాయకండి, నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది.

సీసా మీ కళ్లెదుటే నింపించుకోండి. మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు రోజులు చూడనిదే మెడకు పూయకండి. ప్యాక్ చేసిన సీసా అయితే తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. దుకాణం పేరున్న బిల్లు తప్పక తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాల్సి వస్తే చేతిలో ఉండే ఆధారం అదే.