సీరియేషన్ పాఠానికి పాస్ట్ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది?

ఓస్లో విశ్వవిద్యాలయ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చెందిన ఓయివిన్ హామర్, మరో ఇద్దరితో కలిసి 2001లో పరిచయం చేసిన పాస్ట్ (PAST) అనే గణాంక సాఫ్ట్‌వేర్ శిలాజశాస్త్రం కోసం పుట్టినదే అయినా, డిగ్రీ సైన్సు విద్యార్థులకు సీరియేషన్ (తవ్వకాల్లో దొరికిన వస్తువుల రకాలను బట్టి సమాధుల వంటివాటిని కాలక్రమంలో పేర్చే పద్ధతి) చెప్పడానికి అంతకంటే అనువైన ఉచిత సాఫ్ట్‌వేర్ నాకు తారసపడలేదు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ల్యాబ్ కంప్యూటర్ల పాస్‌వర్డ్ కోసం తిరిగే అధ్యాపకులకు ఇది చిన్న మేలు కాదు.

అయితే మొదటి పీరియడ్‌లోనే దీన్ని తెరవకూడదని నా అభిప్రాయం. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1899లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు, ఈజిప్టులోని దాదాపు 900 సమాధుల్లో దొరికిన కుండల రకాలను సమాధికొక అట్టముక్క మీద రాసుకొని, ఆ ముక్కలనే ముందువెనకలు మారుస్తూ వరుస తేల్చాడు. విద్యార్థులూ కాగితపు ముక్కలతోనే మొదలుపెట్టాలి. 5 సమాధులను 120 విధాలుగా పేర్చవచ్చు, 10 అయితే 36,28,800 విధాలుగా పేర్చవచ్చు అని లెక్క కట్టాకే కంప్యూటర్ ఎందుకో వాళ్లకు అర్థమవుతుంది. ఆ తరువాత, ఒక రకం కుండ వరుసలో 1, 2, 5 స్థానాల్లో ఉన్న సమాధుల్లో కనిపిస్తే దాని సగటు స్థానం 2.67 అని కట్టి, అన్ని రకాలనూ ఆ సగటుల ప్రకారం సర్ది, తిరిగి సమాధులకూ అదే చేస్తూ, ఇక ఏదీ కదలనంత వరకు కొనసాగించాలి.

ఈ కసరత్తు చేసినవారికి, సమాధిలో ఆ రకం ఉంటే 1, లేకపోతే 0 అని రాసిన పట్టికను ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించగానే 1లన్నీ వికర్ణం వెంట చేరడం మాయగా అనిపించదు. నిలువు వరుసల క్రమాన్ని ముందే స్థిరపరిచి చేసే పద్ధతిలో, పాస్ట్ 30 యాదృచ్ఛిక మాత్రికలను (1లను గుడ్డిగా వేసిన పట్టికలను) కూడా తయారుచేసి మన ఫలితంతో పోలుస్తుంది. 30 తక్కువే, కానీ యాదృచ్ఛికతను వివరించడానికి అంతకంటే సులువైన అవకాశం పాఠంలో మరొకటి దొరకదు. మెనూలన్నీ ఇంగ్లీషులోనే ఉండటం తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదట్లో ఇబ్బందే.

వరుసలో ఏ కొస పాతదో మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పదు. మా తరగతిలో ఒక విద్యార్థి తలకిందులైన వరుసను చూపించి, వికర్ణం చక్కగా కుదిరింది కదా అని వాదించాడు. చేతితో పట్టుకోవడానికి పనికొచ్చే అలల పిడి క్రమంగా సన్నబడి, చివరకు కుండ మీద ఉత్త గీతగా మిగిలిన పెట్రీ బొమ్మలను చూపించాకే అతను తన పట్టికను తిప్పుకున్నాడు.