ఒమేగా స్పీడ్‌మాస్టర్ 145.012: వేలంలో పాట పాడేముందు

స్పీడ్‌మాస్టర్ అంటే ఒమేగా కంపెనీ చేసే స్టాప్‌వాచ్ ఉన్న చేతి వాచీ. పాతది కావాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సిన మోడల్ నంబరు 145.012. 1967, 68 నాటి మోడల్. స్టాప్‌వాచ్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలమ్ వీల్ అనే చక్రం ఉన్న 321 మెషిన్ పెట్టిన పాత స్పీడ్‌మాస్టర్లలో ఇదే ఆఖరిది. తర్వాత వచ్చిన 861 మెషిన్‌లో కాలమ్ వీల్ తీసేసి, అదే పనికి క్యామ్ అనే పలక పెట్టారు. అపోలో 11లో మైకేల్ కాలిన్స్ చేతికి ఉన్నదీ ఈ మోడలే. స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు వేలికి తెలిసే ఆ మెత్తదనం కోసమైనా ఇది కొనదగ్గ వాచీ.

మెషిన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు. ధరలో ఎక్కువ భాగం మాత్రం డయల్, ముళ్లు, కేసులదే. ఒరిజినల్ డయల్ మీద ఒమేగా గుర్తు లోహంతో చేసి అతికించి ఉంటుంది. అడుగున 'టి స్విస్ మేడ్ టి' అని ఉంటుంది; టి అంటే ట్రిటియం, చీకట్లో వెలగడానికి పూసే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు కాబట్టి ఇన్నేళ్లకి చీకట్లో తనంతట తాను వెలగదు. యూవీ టార్చి వేసి తీసేస్తే వెలుగు దాదాపు వెంటనే ఆరిపోవాలి. డయల్ ఆరిపోయి ముళ్లు నిమిషాల తరబడి పచ్చగా వెలుగుతున్నాయంటే ఆ ముళ్లు తర్వాత మార్చినవే.

బెజెల్‌ని, అంటే అద్దం చుట్టూ అంకెలున్న రింగుని, భూతద్దంతో చూడాలి. 90 అంకెకి సరిగ్గా పైన చుక్క ఉంటే ఆ కాలం నాటిది, పక్కకి జరిగి ఉంటే తర్వాత వేసింది. ఆవగింజలో సగం లేని ఆ చుక్క ధరని గట్టిగానే మార్చేస్తుంది. అద్దం మీద గీతలు పట్టించుకోనక్కర్లేదు, అది ప్లాస్టిక్కే, తేలిగ్గా మార్చొచ్చు. కేసు సంగతి వేరు: పట్టా తగిలించే కొమ్ముల మీద మెరుపు భాగానికీ గరుకు భాగానికీ మధ్య అంచు కత్తిగీతలా ఉండాలి. ఆ గీత కరిగి గుండ్రబడితే ఎక్కువసార్లు పాలిష్ చేశారన్నమాట. పోయిన లోహాన్ని తిరిగి తేలేం.

వేలానికి పెట్టిన వాచీతో వచ్చే ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే ఒమేగా తన పాత రికార్డుల నుంచి ఇచ్చిన పత్రం, మెషిన్ నంబరు ఏ మోడల్‌ది, ఎప్పుడు తయారైంది, ఏ దేశానికి వెళ్లింది అనేది చెబుతుంది. డయల్, ముళ్లు అసలువేనని చెప్పదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ అనే వేలం సంస్థ అమ్మకంలో 2915-1 మోడల్ స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. కొన్నది ఒమేగానే. ఆ వాచీ వేర్వేరు వాచీల భాగాలతో కూర్చిందనీ, అందులో తన మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందనీ 2023లో ఆ కంపెనీయే ప్రకటించింది. అందుకే వెనక మూత లోపలి వైపు, మెషిన్, డయల్ ఫొటోలు విడివిడిగా అడిగి తెప్పించుకున్నాకే పాటలోకి దిగాలి. మూత లోపల 145.012 అంకె కనబడాలి.

వాచీ నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం రీడింగ్ కూడా అడగండి. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెడితే యాంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 270 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. 220 కంటే తక్కువైతే సర్వీసు ఖర్చు లెక్కలో వేసుకోవాలి. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) ఆన్ చేయగానే సెకన్ల ముల్లు చిన్నగా ఎగిరితే కంగారు పడొద్దు, పక్కనుంచి పళ్లు కలిసే క్లచ్‌లో అది మామూలే. రీసెట్ కొడితే ముల్లు సున్నా దగ్గర ఆగకపోతే మాత్రం పని ఉన్నట్టే.

పాట 10,000 దగ్గర ఆగితే, వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర తీసుకునే ప్రీమియం 25 శాతమైనా మొత్తం 12,500 పడుతుంది. ఇండియాకి తెప్పించుకుంటే కస్టమ్స్, ఐజీఎస్టీ, రవాణా, బీమా అదనం. గరిష్ఠ ధర వీటన్నిటినీ కలుపుకునే రాసుకోవాలి. సర్వీసుకిచ్చేటప్పుడు మాత్రం "పాలిష్ వద్దు, డయల్, ముళ్లు మార్చొద్దు, తీసిన ప్రతి భాగమూ తిరిగివ్వాలి" అని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.